పిన్ని మొహానికి ఎర్ర ముద్ద

"ఇంకా ఎంతసేపే?" అంది లాండి పిన్ని ఊయలలోంచి.

"వస్తున్నా పిన్నీ. నువ్వు కళ్ళు తెరవకు," అంది నెయ్డి వంటింట్లోంచి.

పిన్ని రెండు కళ్ళ మీదా కీరదోస ముక్కలు పెట్టుకుని పడుకుంది. ఆమె పనిచేసేది మొక్కజొన్న రొట్టెల దుకాణంలో. రోజంతా వేడి పెనం ఎదుట నిలబడి మొహం ఎండిపోయింది, పొట్టు లేస్తోంది. ఆ సాయంత్రమే మోతుల్ ఊరి పండుగ. మూడు నెలలు నేర్చుకుని, పిన్ని మొదటిసారి వేదిక ఎక్కి నాట్యం చెయ్యబోతోంది. అసలే సిగ్గరి. మొహం బాగాలేదంటూ పొద్దుటినుంచి రెండుసార్లు మానేస్తానంది.

అందుకని అమ్మమ్మ ఏదో పూత ఉందని చెప్పి, కుర్చీలు వేయించడానికి ఊరి నడుమ మైదానానికి వెళ్ళింది. అక్కడినుంచి ఫోన్ చేసింది.

"పూతకి ఫ్రిజ్ దగ్గర రెకాదో పెట్టాను. దాంట్లో..."

"నాకు తెలుసులే అమ్మమ్మా," అని నెయ్డి ఫోన్ పెట్టేసింది.

నెయ్డికి పదేళ్ళు. ఆ పిల్లకి తెలియనిదంటూ ఈ భూమ్మీద లేదు. కావాలంటే ఆ పిల్లనే అడగండి.

మా వైపు రెకాదో అంటే చీటీ. కూరల్లో వేసే మసాలా ముద్దని కూడా రెకాదో అనే అంటాం. రెండింట్లో నెయ్డికి ముందు గుర్తొచ్చింది తిండే. గభాలున ఫ్రిజ్ తలుపు తెరిచింది. తలుపుకి అంటించి ఉన్న చీటీ కూడా దాంతోపాటే గోడవైపు తిరిగిపోయింది. లోపల అరటాకులో చుట్టిన ఎర్ర ముద్ద కనిపించింది.

వెల్లుల్లి వాసన గుప్పుమంది. మొహానికి వెల్లుల్లి ఏమిటని నెయ్డికి అనుమానం వచ్చింది. అమ్మమ్మని అడగొచ్చు. కానీ అడిగితే, తనకి తెలియదని తెలిసిపోతుంది. అందుకని నీళ్ళు కలిపి, పిన్ని మొహమంతా మందంగా పట్టించేసింది.

"ఏంటే ఈ వాసన?"

"కొత్త రకం పిన్నీ."

"మండుతోందే."

"మండితేనే పనిచేస్తున్నట్టు."

"నెయ్డీ, నా మొహం పందిమాంసం కూర వాసనొస్తోంది."

పిన్ని ఒక్క ఉదుటున లేచింది. సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది. ముద్ద పోయింది, రంగు పోలేదు. మొహమంతా నారింజ పండులా ఉంది, కళ్ళ చుట్టూ మాత్రం కీరదోస ముక్కలంత గుండ్రటి మచ్చలు రెండు తెల్లగా మిగిలాయి.

"నేనెక్కడికీ రాను," అని పిన్ని గది తలుపు వేసుకుంది. లోపలినుంచి ఏడుపు వినిపించింది. నెయ్డి ప్రాణం ఉసూరుమంది. మూడు నెలల కష్టం తన చేతులమీదుగా పోయిందని ఆ పిల్లకి ఏడుపొచ్చింది. ఫోన్ తీసింది.

"అమ్మమ్మా, పిన్ని మొహానికి రెకాదో పూశాను."

"చీటీని ఎలా పూశావే?"

"చీటీ కాదు. ఎర్రది."

"కొబ్బరినూనె రాసి తుడువు," అంది అమ్మమ్మ.

"ఏ సీసాలోది?"

"పచ్చమూతది."

"ఎంత?"

"ఒక చెంచా."

"గట్టిగా తుడవాలా, మెల్లిగానా?"

"మెల్లిగా, మెత్తటి గుడ్డతో. ఒసే, ఇంతకీ మాట్లాడేది మా నెయ్డేనా?"

పిన్నిని బతిమాలి తలుపు తీయించి నూనె రాస్తే, రంగు ముప్పావు వంతు పోయింది. తర్వాత నెయ్డి చీటీని రెండుసార్లు పైకి చదివి, ఓట్స్ పిండి, తేనె, కలబంద గుజ్జు కలిపింది. దాంతో మొహం నున్నబడింది, మంట చల్లారింది. పావు వంతు రంగు మాత్రం మొండికేసి అక్కడే కూర్చుంది.

"ఎవరైనా అడిగితే ఎండకి కమిలిందంటాను. నువ్వు నోరు మెదపకు," అంటూ పిన్ని తెల్లటి కుట్టుపూల గౌను వేసుకుని బయలుదేరింది.

వేదిక మెట్ల దగ్గరే పక్కింటి ఎల్మీ అత్త ఎదురైంది. ఆమె గొంతుకి మైకు అక్కర్లేదు.

"ఏమే లాండీ, మొహానికి ఎవరితో రంగేయించావు? గోడలకి సున్నం కొట్టేవాడితోనా?"

అందరూ ఇటు తిరిగారు. పిన్ని మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

నెయ్డి ముందుకొచ్చింది. "రంగేసింది నేను అత్తా. అమ్మమ్మ చీటీ చూడమంటే, కూరలో వేసే ముద్ద తెచ్చి పూశాను."

మైదానమంతా ఘొల్లుమంది. నెయ్డి చెవులు వేడెక్కాయి.

"ఉప్పు సరిపోయిందా?" అంది ఎల్మీ అత్త.

"తెలియదత్తా. రుచి చూడలేదు."

మళ్ళీ నవ్వులు. ఇప్పుడు పిన్ని మొహం ఎవరూ చూడటం లేదు, అంతా నెయ్డినే చూస్తున్నారు. పిన్ని కూడా నవ్వు ఆపుకోలేక, ఒక్కో మెట్టే ఎక్కడం మొదలుపెట్టింది. ఎల్మీ అత్త మళ్ళీ పిన్ని వైపు తిరగబోయింది.

"అత్తా, అసలేం జరిగిందో పూర్తిగా విను," అని నెయ్డి ఆమె చెయ్యి పట్టుకుని, పిన్ని పైకి చేరి బాజా మొదలయ్యేదాకా, తన తెలివితక్కువతనాన్ని మొదటినుంచి చెప్పుకొచ్చింది.