పైబెర్తు మీద పిన్ని

శనివారం పొద్దున్నే ఇంటి ముందు ఆ పాత వ్యాను వచ్చి ఆగేసరికి పిచ్చుక ఎగిరి గంతేసింది. పిచ్చుకంటే పక్షి కాదు లెండి, ఆ ఇంటి ఏడేళ్ల పిల్ల. కళ్లు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా కిచకిచలే కాబట్టి ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. వ్యాన్ని పిల్ల బాబాయి రెండు రోజులకు అద్దెకు తెచ్చాడు. మామూలు వ్యాను కాదది, చక్రాల మీద చిన్న ఇల్లు. లోపల గ్యాసు పొయ్యి, అరచేయంత సింకు, మడత తీస్తే ఇద్దరు పడుకునే మంచం, దాని పైన కప్పుకి ఆనుకుని నిచ్చెనతో ఎక్కే బుల్లి బెర్తు. బెర్తుకి ఒక తెర కూడా ఉంది. రకరకాల గుడ్డముక్కలు అతికి చేత్తో కుట్టిన తెర. దగ్గరికెళ్లి చూస్తే అవన్నీ చిన్నపిల్లల గౌన్ల ముక్కలు. ఒకదానికి బొత్తాలు కూడా అలాగే ఉన్నాయి.

"పైన నేను! పైన నేనే! పిన్నీ, ఇటు చూడు!"

విన్నారా? పిన్నీ, ఇటు చూడు. కన్నతల్లి రెండు చేతుల్లో రెండు బ్యాగులు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది మరి.

ఆ తల్లి, ఆ ఇంటి పెద్దకోడలు, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పరగడుపున వచ్చేవాళ్ల కోసం ల్యాబు ఆరింటికే తెరుస్తారు. అందుకని పిల్లకి జడలు వెయ్యడం, బాక్సు సర్దడం, బస్సెక్కించడం అన్నీ మేడమీదుండే తోడికోడలి పాలబడ్డాయి. ఆ చిన్నకోడలు బేకరీలో కేకుల మీద పూలూ పేర్లూ వేస్తుంది. మధ్యాహ్నం పని. పిల్లలు లేరు. దాంతో ఉన్న ప్రేమంతా పిచ్చుక మీదే గుమ్మరించింది.

"పిన్ని దగ్గర కేకు వాసనొస్తుంది. నీ చేతులు సూది వాసన," అంది పిల్ల ఒకరోజు, ఏమీ ఎరగనట్టు. ఆ రాత్రి పెద్దకోడలు చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుంది. అయినా స్పిరిట్ వాసన పోయి చస్తేగా! అప్పట్నుంచి ఆమె కడుపులో కుంపటి రాజుకుంది. తోడికోడలు నవ్వితే మంట, నవ్వకపోతే మంట. పైకి మాత్రం "మా చెల్లెలు లేకపోతే నా పని ఏమయ్యేదో" అని నలుగురి ముందూ అనేది. అంటూనే పళ్లు కొరుక్కునేది.

పనిలో మాత్రం ఆమెకి వంక పెట్టడానికి లేదు. రోజుకి ఎనభై మందికి సూది గుచ్చుతుంది. ఎంత తెలిసిన మొహమైనా సరే, పేరు చెప్పించుకోనిదే చెయ్యి ముట్టదు. ఒకాయన పదేళ్లుగా వస్తున్నాడు. "నేనేనమ్మా, గుర్తుపట్టలేదా?" అంటే, "గుర్తుపట్టాను, పేరు చెప్పండి" అంటుంది. ఒకరి రక్తం ఇంకొకరి పేరున పోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

మూడు గంటలు ప్రయాణం చేసి కొండల మధ్య ఒక పెద్ద జలాశయం ఒడ్డుకి చేరారు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. అన్నదమ్ములిద్దరూ గుడారం వేసే పనిలో పడి, కర్రలు తిరగేసి మరగేసి, చివరికి ఒకరినొకరు తిట్టుకుని ఎలాగో నిలబెట్టారు. రాత్రికి మగవాళ్లు గుడారంలో, ఆడవాళ్లూ పిల్లా వ్యాన్లో అని ఏర్పాటు.

సాయంత్రం పిచ్చుక గులకరాళ్ల మీద పరిగెత్తి బోర్లా పడింది. రెండు మోకాళ్లూ గీరుకుపోయాయి. పెద్దకోడలు చటుక్కున లేచింది. ఇది తన విద్య కదా! దూది, మందు, పట్టీ, అన్నీ బ్యాగులోంచి తీసుకుని పరిగెత్తింది.

"నువ్వొద్దు! నువ్వు సూది వేస్తావు! పిన్ని కావాలి!"

"సూది లేదే తల్లీ, ఒట్టి దూదే, చూడు..."

"పిన్నీ!"

చిన్నకోడలు మొహమాటంగా వచ్చి, అక్క చేతిలోంచి దూది తీసుకుంది. పిల్ల ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పెద్దకోడలు వెళ్లి నీటి ఒడ్డున కూర్చుంది. మొగుడు టీ పట్టుకొచ్చి, "చిన్నపిల్లే అది, పట్టించుకోకు" అన్నాడు. ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ క్షణంలో తోడికోడలి మీద ఎంత అసూయ పుట్టిందంటే, ఆ చల్లటి మెత్తటి చేతులు ఏ వేడి ఓవెన్లోనో పడి కాలిపోతే బాగుండునని అనుకుంది. అనుకుని తనే ఉలిక్కిపడింది.

రాత్రి తొమ్మిదింటికి పిల్ల తనంతట తనే నిచ్చెనెక్కి తెర లాక్కుంది. పెద్దకోడలు కింద మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పడుకునే ముందు ఒక దుప్పటి చుట్టచుట్టి మంచం మధ్యలో సరిహద్దులా పెట్టింది. చిన్నకోడలు అది చూసింది. లైటు ఆర్పేసింది.

చీకటంటే అలాంటిలాంటి చీకటి కాదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. నీళ్లు ఒడ్డుని తాకుతున్న చప్పుడు. బయట ఆరిపోయిన మంట వాసన. గుడారంలోంచి మరిదిగారి గురక, కాసేపు సాగి, కాసేపు ఆగి. ఆమెకి నిద్ర పట్టలేదు. పగలు జరిగిందంతా మళ్లీ మళ్లీ తలచుకుంటూ, మనసులోనే తోడికోడల్ని కడిగిపారేస్తూ పడుకుంది.

ఎప్పుడో ఒక మాగన్ను పట్టింది. మెలకువ వచ్చేసరికి పైబెర్తు మీద గుసగుసలు.

పిచ్చుక కిసుక్కున నవ్వింది. "ఇంకా చెప్పు... ఇంకా..."

ఎవరో గుసగుసగా ఏదో చెప్పారు. ఆడగొంతు. మాటలు తెలియడం లేదు. దువ్వెన జుట్టులోంచి జారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. సర్... సర్... సర్...

ఓహో, అనుకుంది పెద్దకోడలు. నేను నిద్రపోయేదాకా ఆగి పైకెక్కిందన్నమాట మహాతల్లి! అర్ధరాత్రి జడలు వేస్తోంది! పగలంతా చాల్లేదు కాబోలు!

"నీ చేతులు భలే చల్లగా ఉన్నాయి," అంది పిల్ల.

గుసగుస.

"మా అమ్మకి టైముండదు. ఎప్పుడూ పనే."

ఈసారి జవాబు స్పష్టంగా వినిపించింది. "నాకు బోలెడు టైముంది."

పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. నా పిల్లకి నా మీదే నూరిపోస్తోందా? లేచి నిచ్చెనెక్కి జుట్టు పట్టుకుని కిందికి లాగుదామనుకుంది. కానీ పౌరుషం అడ్డొచ్చింది. నేనెందుకు వెళ్లాలి? నేను వెళ్తే ఆ పిల్ల మళ్లీ "నువ్వొద్దు" అంటే? గోడవైపే తిరిగి, కదలకుండా, పళ్ల బిగువున అంది.

"అంత ముద్దొస్తే నువ్వే ఉంచేసుకో."

దువ్వెన చప్పుడు ఆగిపోయింది.

నీళ్ల చప్పుడు కూడా లేదు. తర్వాత పైనుంచి, తెర పక్కనుంచి, చాలా నెమ్మదిగా...

"నాకిచ్చేస్తావా?"

ఇస్తావా అట! తొమ్మిదేళ్లుగా "అక్కా, మీరు, అక్కా, మీరు" అని ఒదిగి ఒదిగి మాట్లాడే మనిషి, ఇవాళ ఏకవచనంలోకి దిగింది! ఆమె కోపం నషాళానికి అంటింది.

"ఇచ్చేస్తా. తీసుకుపో. మళ్లీ నా కంటికి చూపించకు."

"సరే."

అంతే. పెద్దకోడలు కళ్లు తుడుచుకుంది. ముక్కు ఎగబీల్చింది. అప్పుడు తెలిసింది ఆమెకి, వ్యాన్లో ఏదో వాసన. కేకు వాసన కాదు. తడిగుడ్డలు పెట్టెలో పెట్టి మూసేసి, ఏళ్ల తర్వాత తెరిస్తే వచ్చే వాసన...

వీపు వెనక, దుప్పటి సరిహద్దుకి అవతల ఏదో కదిలింది. నిద్రగొంతుతో ఎవరో అన్నారు.

"అక్కా... ఎవరితో మాట్లాడుతున్నారు?"

పెద్దకోడలు తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచింది. దుప్పటి మీదుగా. వేళ్లకి తోడికోడలి భుజం తగిలింది. వెచ్చగా. కేకు వాసన...

"నువ్వు... ఇక్కడే ఉన్నావా?"

"పడుకున్న దగ్గర్నుంచీ ఇక్కడే కదక్కా. ఏమైంది?"

రోజుకి ఎనభై మందిని పేరు అడిగే మనిషి. ఎదురుగా కనిపిస్తున్న వాళ్లనే అడిగే మనిషి. ఈ ఒక్కసారి, ఈ ఒకే ఒక్కసారి, ఎవరు నువ్వని అడగలేదు.

పైన పలక కిర్రుమంది. ఎవరో నెమ్మదిగా వెనక్కి జరిగినట్టు.

ఆమె గోడకి గుద్దుకుంటూ లేచింది. నిచ్చెన దొరకలేదు. మోకాలు సింకుకి కొట్టుకుంది. నిచ్చెన దొరికింది. ఒక మెట్టు. రెండు. చేతికి తెర తగిలింది. తడిగా ఉంది. లాగేసింది. కింద నుంచి చిన్నకోడలు ఫోను లైటు వేసింది.

పిచ్చుక ఒక్కతే ఉంది. వెల్లకిలా, నిద్రలో. జుట్టు తీరుగా నాలుగు పాయల జడగా అల్లి ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ నాలుగు పాయల జడ రాదు. పిల్ల పక్కన పరుపు మీద, తల నుంచి పాదాల దాకా, ఒక మనిషి పొడుగున తడి.

ఆమె కేక విని మగవాళ్లు టార్చిలైట్లతో పరిగెత్తుకొచ్చారు. వ్యాను లోపలా బయటా కిందా వెతికారు. "కప్పు కారినట్టుంది వదినా, పాత బండి కదా" అన్నాడు మరిది. వాన చుక్క పడలేదని ఎవరూ అనలేదు. చీకట్లో ఆ ఘాట్ రోడ్డు దిగడం కుదరదు కాబట్టి తెల్లారేదాకా గుడారంలో అందరూ ఒకచోటే కూర్చున్నారు.

పెద్దకోడలు పిల్లని ఒళ్లో అదుముకుని, చీకట్లోకి చూస్తూ గొణుగుతూనే ఉంది. "ఊరికే అన్నాను... కోపంలో అన్నాను... నా పిల్లని నాకు వదిలెయ్యి... నా తోడికోడలనుకున్నాను, అడిగింది నువ్వని తెలియదు నాకు..." చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఇంక నేను పిచ్చుక దగ్గరికి రానక్కా. మీ పిల్ల మీది." పెద్దకోడలు ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. "రావే. నువ్వూ ఉండు. మనిద్దరం ఉంటే చాలదా దానికి, రావే," అంది. ఇన్నాళ్ల మంట ఆ నాలుగు మాటలతో చల్లారిపోయింది. ఇంతోటి దానికి ఎందుకు కుళ్లుకున్నానా అని ఆమెకే సిగ్గేసింది.

పొద్దున్న పిల్ల మామూలుగానే లేచింది. బ్రెడ్డూ జామూ తింది. జడ విప్పుతానంటే తల అడ్డంగా ఊపింది. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కిచకిచలు లేవు. రాత్రి నిద్ర చాల్లేదు పాపం అనుకున్నారందరూ.

ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వీధి నిండా ఎండ. ఎదురింటాయన పైపుతో కారు కడుక్కుంటున్నాడు. చిన్నకోడలు గేటు తీసింది. మరిది బండి ఆపి, సామాన్లు పట్టుకుని గుమ్మం మెట్లెక్కాడు. పెద్దకోడలు వ్యాను తలుపు దగ్గర నిలబడి, హమ్మయ్య అని గుండెల నిండా గాలి పీల్చుకుని, చేతులు చాచింది.

"రా బంగారూ, దిగు. ఇంటికొచ్చేశాం."

పిచ్చుక లోపలి సీటు మీద బుద్ధిగా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీరు వెళ్లండి ఆంటీ. మేం ఇంకా చాలా దూరం వెళ్లాలి."

వెనక బ్యాగు మోస్తున్న తండ్రి పకపకా నవ్వాడు. "అమ్మని పట్టుకుని ఆంటీ అంటావేంటే, తిక్కపిల్లా!"

పిల్ల ఆయన వైపు చూసింది. దారిన పోయే మనిషి పలకరిస్తే చూసినట్టు, మర్యాదగా.

పెద్దకోడలు తలుపు పట్టుకుని ముందుకు వంగింది. "ఎవరితో వెళ్తావు తల్లీ?"

"మా అమ్మతో." పిచ్చుక చిన్నగా నవ్వింది. "మీరు చాలా మంచివారని చెప్పింది ఆంటీ. ఇదివరకు అందరూ ఏడ్చారట, బతిమాలారట, చచ్చినా ఇవ్వం అన్నారట. మీరొక్కరే అడగ్గానే ఇచ్చేశారట."

ఆమె వ్యాన్లోకి ఎగబడి పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. లాగింది. పిల్ల బిగదీసుకోలేదు, ఏడవలేదు. అయినా ఒక్క అంగుళం కదల్లేదు. వెనకనుంచి ఎవరో నడుం చుట్టూ చేతులేసి పట్టుకున్నంత బరువు.

అప్పుడు ఇంజను స్టార్టయింది. గుమ్మం మెట్ల మీద మరిది వెనక్కి తిరిగి చూశాడు. వ్యాను తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది.