ఆరో నంబరు లైను

దగ్గరికి జరిగి కూర్చో, నా గొంతు ఇదివరకంత దూరం పోదు. మా మనవరాలు కోపంతో ఊగిపోతూ మొగుణ్ణి సంపాదించుకున్న సంగతి చెబుతాను.

మా అబ్బాయి వెదురు చీల్చి గాలపు కర్రలు చేసేవాడు. ఈగ బొమ్మ కట్టి ఏటి మీదికి విసిరే సన్నపు కర్రలు. చేతులు వణకడం మొదలయ్యాక, తను పెళ్ళికి ముందు చేసుకున్న కర్రను కూతురి చేతిలో పెట్టాడు. దీన్ని బాగుచేసి చూపిస్తే, కర్రలు చేసే షెడ్డు నీదేనన్నాడు.

పిల్ల నెల రోజులు కూర్చుని ఊడిన దారపు చుట్లు మళ్ళీ చుట్టింది, వార్నీషు పూసింది. కర్ర మీద మాసిపోయిన ఆరు అంకెను సిరాతో దిద్దింది. ఆ కర్రకు ఆరో నంబరు లైను, అదే గాలపు దారం, కట్టాలని దాని అర్థం; అంకె పెరిగితే దారం బరువూ పెరుగుతుంది. వీధి చివర లైన్ల కొట్టుకు వెళ్ళింది.

కొట్టు అబ్బాయి కర్ర చూసి, అది పట్టుతో లైన్లు నేసే రోజుల ఆరు అన్నాడట. ఇప్పటి ప్లాస్టిక్ లైన్లు పెట్టె మీద ఆరని ఉన్నా బరువు ఏడుకు దగ్గర, పాత వెదురు తట్టుకోదు, ఐదు తీసుకోమన్నాడట. అంకెలు చదవడం రానివాడికి కొట్టెందుకని దులిపేసి, మా పిల్ల ఆరే పట్టుకొచ్చింది.

మర్నాడు పొద్దున పెరట్లో పరీక్ష. పంతం చూడు, ఆ అబ్బాయీ వచ్చి గోడవార నిలబడ్డాడు. మా అబ్బాయి రెండుసార్లు విసిరాడో లేదో, కర్ర కొన వంగిపోయింది. మళ్ళీ నిటారు కాలేదు.

ఈ లైను ఎవరు కట్టమన్నారని అడిగాడు.

"నేనేనండీ," అన్నాడు కొట్టు అబ్బాయి.

ఇంకెప్పుడూ ఈ గడప తొక్కొద్దన్నాడు మావాడు. అతను తల వంచుకుని బయల్దేరాడు. పిల్ల నోరు మూసుకుంటే షెడ్డు దానిదే. మూసుకుంటుందా? విసవిసా వెళ్ళి దారికి అడ్డం నిలబడింది.

"నా తప్పు నెత్తినేసుకోడానికి నువ్వెవరు?"

"నీ షెడ్డు పోతుందని..."

"పోతే పోనీ. నాన్నా, ఇతను ఐదన్నాడు, నేనే వినలేదు. ఇతన్ని పొమ్మంటే నేనూ పోతాను."

"ఎక్కడికి?" అన్నాడు మావాడు మండిపడుతూ.

అప్పుడు గానీ తనేమన్నదో పిల్లకు తెలియలేదు. తెలిసినా తగ్గలేదు. "వాళ్ళ కొట్టుకి. అతనొప్పుకుంటే."

"నీ కోపంతో సహా ఒప్పుకుంటాను," అన్నాడతను మెల్లగా.

మావాడు షెడ్డు తాళంచెవి వాళ్ళ కాళ్ళ ముందు పడేశాడు. "ఇద్దరూ కలిసి ఆ కొన సెగమీద సరిచెయ్యండి. ఐదు కట్టి చూపించాకే నాతో మాట్లాడండి."

సాయంత్రానికి లైను గోడ దాకా తిన్నగా సాగింది. ముహూర్తం మాట ముందెత్తింది మావాడే, అదీ కసురుకుంటూనే.

గుర్తుపెట్టుకుని ఎవరికైనా చెబితే ఉన్నదున్నట్టు చెప్పు. తప్పు కొట్టువాడిదని మార్చావో, ఆ పిల్ల నీ మీదికీ వస్తుంది.