తిట్టని గొంతు

ఇంజినీరు కఫాండోని ఉదయం ఏడింటికి కాల్చి చంపారు. పదకొండింటికి ఆయన ఆనకట్టకి ఫోన్ చేసి గేట్లు ఎత్తమన్నాడు.

ఎనిమిదిన్నరకి, రాజధాని వాగడూగులో బట్టలకి రంగు వేసే కొట్టు వెనక గదిలో, కల్నల్ జుంగ్రానా ఒక ఫొటో బల్ల మీదకి తోశాడు. కారు సీట్లో కఫాండో. చొక్కా మీద మరక లేకపోతే నిద్రపోతున్నాడనుకోవచ్చు.

"ఏమనిపిస్తోంది?"

"ఏమీ అనిపించడం లేదు సార్," అంది ఏజెంట్ రమతా నికియెమా.

నిజమే చెప్పింది. మూడేళ్ళ కిందట ఇదే బల్ల మీద, ఇలాంటి ఫొటోలోనే మొగుణ్ణి చూసింది. ఆయనా ఏజెంటే. ఆ రోజు నుంచి జొన్నసంకటికి రుచి లేదు, ఎండకి వేడి లేదు. పని మాత్రం ఆగలేదు.

"నిన్ను ఏడవమనలేదు. ఎందుకు చంపారంటావ్ అని అడుగుతున్నా."

"ఆయన గొంతు ఆ విదేశీ ముఠా దగ్గర ఉంది. మనిషి అడ్డం."

కల్నల్ తలూపి తలుపు వైపు చూశాడు. లోపలికొచ్చిన మనిషి పేరు సోలాంజ్. ఊళ్ళోని పెద్ద ఏఐ ల్యాబ్‌లో శాస్త్రవేత్త. ఏడాదిగా ఆ విదేశీ ముఠాలో చేరినట్టు నటిస్తూ వీళ్ళ గూఢచార ఏజెన్సీకి కబుర్లు చేరవేస్తోంది. నీలం పట్టు గౌను, ఎత్తు మడమల చెప్పులు. ఆ గదిలో ఆమె పెళ్ళివారింటికి బయల్దేరి దారి తప్పిన మనిషిలా ఉంది.

"ఆనకట్ట ఫోన్లలో మాటలన్నీ రికార్డవుతాయి అక్కా," అంది సోలాంజ్. "ముఠా వాటిని దొంగిలించి యంత్రంలో పోసింది. యంత్రం ఏ మాట ఏ మాటలా ఉందో చూసి కుప్పలు పెడుతుంది. క్లస్టరింగ్ అంటారు. నీటిమట్టం కబుర్లు ఒక కుప్ప. సెలవులు, జ్వరాలు ఇంకో కుప్ప. ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ కుప్పల మీద ఒక ఏఐ ఏజెంట్‌ని నిలబెట్టారు. పని అప్పగిస్తే చాలు. తనే ఆలోచిస్తుంది, తనే ఫోన్ చేస్తుంది, ఎదుటివాడు కాదంటే తనే దారి మార్చుకుంటుంది."

"జీతం?" అన్నాడు కల్నల్.

"ఉండదు."

"అయితే మనకన్నా తెలివితక్కువది."

కల్నల్ ఫొటో తిరగేశాడు. "ఇవాళ పదకొండింటికి ఆ యంత్రాన్ని కొనేవాళ్ళు చూస్తుంటారు. ఒక్క గొంతుతో ఒక ఆనకట్ట నీళ్ళు ఊళ్ళ మీదకి వదలగలిగితే, ఆ సరుకు ఏ దేశమైనా కొంటుంది. దిగువన గొంటోగా సంత. ఇవాళ శుక్రవారం. నాలుగు వేల మంది."

"గేటు మనిషికి ఫోన్ చెయ్యండి," అంది రమతా.

"పోవడం లేదు. లైన్లన్నీ వాళ్ళు పట్టుకున్నారు. గేట్లు ఎత్తడానికి ఇవాళ్టి కోడ్ మాట 'నల్ల కోడి'. కఫాండో జేబు పుస్తకం పోయింది కాబట్టి అదీ వాళ్ళ దగ్గరే. సైన్యం బండి కనబడితే పదకొండు దాకా ఆగరు. మీరిద్దరూ చేపలు కొనేవాళ్ళలా వెళ్ళండి."

మోపెడ్ మీద ఇద్దరూ బయల్దేరారు. సోలాంజ్ పాత గుడ్డ చుట్టుకుని గంప ఒళ్ళో పెట్టుకుంది. అయినా సెంటు వాసన పోలేదు. రమతా ఎడమ చెవి కమ్మలో రిసీవర్ ఉంది. ఏజెన్సీ ఆ లైన్లో మాట్లాడలేకపోయినా వినగలదు; ఆనకట్ట ఫోన్ మోగితే అవతలి మాట ఆమెకీ వినిపిస్తుంది.

పదకొండుకి పది నిమిషాలుండగా చేరారు. వాన నీళ్ళతో జలాశయం అంచుదాకా నిండి ఉంది. గేట్ల గదికి ఇనప ఊచల తలుపు. వరదల కాలంలో లోపలినుంచి తాళం వేసుకోవాలని రూలు. లోపల అరవయ్యేళ్ళ గేటు ఆపరేటర్ టోయే వక్కలా కోలా కాయ నములుతూ కూచున్నాడు. పక్కన ఎర్ర లీవర్. కిందకి నొక్కితే మూడు గేట్లూ లేస్తాయి.

"చేపలు లేవు, పొండి. ఏం పేరు?"

"నికియెమా."

ముసలాయన మొహం వెలిగిపోయింది. "మోసీదానివా! ఇన్నాళ్ళకి నా బానిస నన్ను వెతుక్కుంటూ వచ్చిందర్రా! మీకు చేపలమ్మితే ముళ్ళు కూడా మింగేసి, తినలేదంటారు కదే!"

టోయే సామో తెగ మనిషి. రమతా, కఫాండో మోసీలు. మోసీ, సామో ఎదురుపడితే తిట్టుకోవాలి. బావామరదుల సరసం లాంటిది, ముత్తాతల నాటిది. తిట్టకపోతేనే అవమానం. రమతా తిట్టలేదు.

"మీ ఇంజినీరు కఫాండో పొద్దున ఏడింటికి పోయాడు. కాల్చేశారు. ఆయన గొంతుతో ఇప్పుడు ఫోన్ వస్తుంది. గేట్లు ఎత్తకు."

టోయే తొడ చరుచుకుని నవ్వాడు. "కిందటి నెల నేను చచ్చానని ఆయన ఆఫీసంతా చాటాడు. పదిమంది మా ఇంటికి పరామర్శకొచ్చి సంకటి తిని పోయారు. ఇవాళ ఆయన చావు కబురు నీ చేత పంపాడా? అబద్ధమైతే ఆడావు గానీ, ఒక్క చుక్క ఏడుపైనా తెచ్చుకోవాలి పిల్లా. నీ కళ్ళు ఎండాకాలం చెరువులా ఉన్నాయి."

రమతా ఏజెన్సీ కార్డు ఊచల్లోంచి చూపించింది.

"బాగా చేయించారు. ఎక్కడ?"

ఫోన్ మోగింది.

"నమస్కారం టోయే గారూ." కఫాండో గొంతే, ఆయన దగ్గుతో సహా. "ఎగువన చెరువు కట్ట తెగింది. దయచేసి మూడు గేట్లూ ఎత్తండి. కోడ్ నల్ల కోడి. సైరన్ వైర్లు బాగుచేస్తున్నారు, మోగించవద్దు."

"సంత రోజయ్యా! సైరన్ లేకుండానా? మా ఆవిడ జొన్నకల్లు కుండలతో అక్కడే ఉంది."

"ఎత్తకపోతే ఆనకట్టే తెగుతుంది. సంతతో పాటు పది ఊళ్ళు పోతాయి."

టోయే లీవర్ వైపు చూశాడు. చెయ్యి చాచలేదు. "అయ్యా, ఒంట్లో బాగుందా?"

"బాగుంది. ధన్యవాదాలు."

ముసలాయన ఫోన్ పెట్టేశాడు. మొహంలో నెత్తురు లేదు. "గారూ అన్నాడు," అన్నాడు మెల్లిగా. "ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా... నా మీద కోపమొచ్చిందా? నేనేం చేశాను? తిట్టేదాకా ఎత్తను."

రమతా పక్కకి చూసింది. గంప చాటున సోలాంజ్ బొటనవేలు ఫోన్ మీద కదులుతోంది. రమతా ఆమె మణికట్టు పట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

"ఏం పంపావు?" అంది రమతా, టోయేకి వినబడకుండా.

"బూతుల కుప్ప," అంది సోలాంజ్, వంట గురించి చెప్పినట్టు. "మాటలు శుభ్రం చేసేటప్పుడు నేనే పారేయించాను. తిరిగి పెట్టమన్నాను. పదకొండేళ్ళు పై దేశంలో, గ్రెనోబుల్‌లో ఉన్నాను అక్కా. మనవాళ్ళు ఇలా పలకరించుకుంటారని మర్చిపోయాను."

"ఎప్పట్నుంచి వాళ్ళ మనిషివి?"

"మీ ఆయన పోకముందు నుంచి."

రమతా కోపం కోసం ఎదురుచూసింది. రాలేదు. సంకెళ్ళు తీసి సోలాంజ్ చేతిని ఊచకి తగిలించింది. ఫోన్ మళ్ళీ మోగింది.

"ఒరే కుక్క తలకాయలు నాకే సామో వెధవా! నీళ్ళు నీ గోచీ దాకా వచ్చినా నిద్రేనా? ఎత్తరా గేట్లు!"

"అదీ! మా అయ్యే!" టోయే కళ్ళు చెమ్మగిల్లాయి. చెయ్యి లీవర్ మీద పడింది.

రమతా పిస్తోలు తీసింది. ఊచల సందులోంచి మూడు అడుగుల దూరం. కాలిస్తే ముసలాయన బరువు లీవర్ మీదే పడుతుంది. అదంతా ఆమె ఎవరి గురించో లెక్క చూసినట్టు చూసుకుంది. పిస్తోలు దించింది.

"తిట్లన్నీ ఒకే కుప్పా?" అంది సోలాంజ్‌తో.

"ఒకటే. తిట్టులో రకాలేముంటాయి?"

రమతా ఊచలకి మొహం ఆనించింది. మూడేళ్ళుగా ఎవరినీ వేళాకోళం చెయ్యని గొంతు తుప్పు పట్టి ఉంది. "ఓయ్ కుక్క తలకాయా! మోసీ తిడితే తల వంచుకుని పని చేస్తావా? తిరిగి తిట్టవా? మీ సామోలు నోళ్ళు కూడా తాకట్టు పెట్టుకున్నారా?"

అది తగలవలసిన చోట తగిలింది. లీవర్ మీద చెయ్యి అలాగే ఉంచి టోయే ఫోన్‌లోకి గర్జించాడు. "ఒరే గాడిద మాంసం మోసీ! మీ ముత్తాతని మా ముత్తాత గుప్పెడు అలసందలకి కొన్నాడు. పుచ్చులని తర్వాత తెలిసింది. అలసందలు కాదు, మీ ముత్తాత!"

అవతల యంత్రం అంతకన్నా గట్టి తిట్టు కోసం కుప్పలో చెయ్యి పెట్టింది. దొరికింది తీసి విసిరింది. అది టోయే తల్లి గురించి.

ఆ మాట రమతా తర్వాత రిపోర్టులో కూడా రాయలేదు. మోసీ, సామో ఒకరి తాతల్ని ఒకరు అమ్ముకోవచ్చు, ఒకరినొకరు బతికుండగానే పాతిపెట్టుకోవచ్చు. తల్లి జోలికి పోరు. తాగినవాడు కూడా పోడు.

టోయే చెయ్యి లీవర్ మీదనుంచి లేచింది.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు.

"నేను కఫాండోని. కోడ్ నల్ల కోడి."

ముసలాయన వైరు పీకేశాడు. దాని కొస చేతిలో పట్టుకుని రమతా వైపు తిరిగాడు. "అయితే నువ్వు చెప్పింది..."

"పొద్దున ఏడింటికి."

టోయే నేల మీద కూచున్నాడు. దిగువన సంతలో ఎవరో మేక ధర మీద అరుస్తున్నారు. గాలికి ఇక్కడిదాకా వినబడుతోంది.

"నన్ను కాల్చవేం అక్కా?" అంది సోలాంజ్.

"కాలిస్తే ఫారాలు ఎక్కువ నింపాలి," అంది రమతా.

ఆదివారం కఫాండోని పాతిపెట్టారు. తిట్టుకునే వరసవాడు పోయినాయన వేషం కట్టి నవ్వించడం కూడా ముత్తాతల నాటి ఆచారమే. శవపేటిక లేస్తుండగా జనం చీలారు. ఇంజినీరు పసుపు టోపీ పెట్టుకుని, ఆయన కోటు తొడుక్కుని, బొజ్జ ముందుకి తోసి టోయే వచ్చాడు. "ఏయ్! పెట్టె వంకరగా మోస్తున్నారేంట్రా కుక్క తలకాయల్లారా! నీటిమట్టం ఎవడు చూశాడు? ఎవడూ చూళ్ళేదు! అందర్నీ తీసేస్తా!"

కఫాండో గొంతే. ఏడుస్తున్న కఫాండో భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చివరి వరుసలో రమతా చెయ్యి దానంతటదే పిస్తోలు మీదకి పోయింది. కల్నల్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అచ్చం ఆయనే," అన్నాడు కల్నల్. "ఆ యంత్రానికి నలభై వేల ఫోన్ కాల్స్ కావలసొచ్చాయి."

"ఈయనకి టోపీ ఒక్కటే సరిపోయింది సార్," అంది రమతా.