ఈ సంచి ఎవరిది?

అర్ధరాత్రి దాటింది... ఆఖరి విమానం నేల మీద వాలింది. ఆకాశం కాటుక కుమ్మరించినట్టుంది. రన్‌వే అవతల ఎక్కడో ఉరుము బండరాయిలా దొర్లింది. టాక్సీలు ఆగేచోట ఒకే ఒక పాత వ్యాన్ మిగిలింది. పక్కనున్న దీపస్తంభం మీద గుడ్లగూబ ఒకటి కూర్చుని, తలుపుల్లోంచి బయటికొచ్చే మనుషుల్ని రెప్ప వేయకుండా చూస్తోంది.

"రండి చుట్టాలూ! ఊళ్లోకి ఇదే ఆఖరి బండి. ఇది పోతే నడకే!"

బండి ఎక్కే ప్రతివాళ్లనీ అలాగే పిలవడంతో డ్రైవర్‌కి చుట్టం అనే పేరు స్థిరపడిపోయింది.

ముందుగా ఎక్కింది విమానాశ్రయంలో తనిఖీ పని చేసే ఆమె. రోజంతా ప్రయాణికుల సామాను తెరిచి, చేతులతో తడిమి చూడటం ఆమె ఉద్యోగం. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు ఏడుపు రాలేదు. అన్నం రుచి తెలియదు, ఎండా వానా తెలియవు. కూతురు వచ్చి మెడ కౌగిలించుకున్నా, ఎవరో దుప్పటి కప్పినట్టే ఉంటుంది.

"ఇవాళ కూడా రెండు షిఫ్టులేనా అమ్మాయ్? పాపకి నీ మొహం గుర్తుంటుందా అసలు?" అన్నాడు చుట్టం.

"ఫొటో ఉందిలే బాబాయ్."

అప్పుడొచ్చాడతను...! పొడుగాటి మనిషి. బూడిదరంగు కళ్లు. చేతిలో నల్లని తోలుసంచి. అతన్ని చూడగానే గుడ్లగూబ కీచుమని అరిచి చీకట్లోకి ఎగిరిపోయింది.

ఆ సంచిలో ఉన్నది కపాలం! అందులో ఒక ప్రేతాత్మను బంధించి, ఆ క్షుద్ర మాంత్రికుడు ఇన్నేళ్లూ సకల భోగాలూ అనుభవించాడు. ఆ బంధానికి ఈ రాత్రితో గడువు తీరుతోంది. తెల్లవారేలోగా దానికొక ప్రాణం అర్పించకపోతే అది అతన్నే కబళిస్తుంది. నియమం ఒక్కటే... ఆ సంచిని ఎవరు ఇష్టపడి అందుకుని ఇంటికి తీసుకెళ్తారో, ఆ ఇంట్లో అందరికన్నా చిన్న ప్రాణం దానికి బలి!

"సామాను ఒళ్లోనే పెట్టుకోవాలండోయ్. వెనకంతా టైర్లూ, నా సంసారమూ" అన్నాడు చుట్టం.

మాంత్రికుడు ఆమె పక్కన కూర్చుని, నడుం పట్టుకుని మూలిగాడు. "బరువు మొయ్యలేను తల్లీ. నేను మధ్యలో వంతెన దగ్గర దిగిపోతాను. ఈ సంచి మీ ఇంట్లో ఉంచుతావా? పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తాను."

పరాయివాళ్ల సామాను ముట్టుకోకండని పొద్దస్తమానం ఊరందరికీ చెప్పే మనిషి ఆమె. అయినా చెయ్యి చాపింది. ఆలోచించే ఓపిక కూడా లేదామెకి.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"అత్తగారు, పాప."

అతని పెదవులు వంకర తిరిగాయి...

బండి కదిలింది. నిర్మానుష్యమైన రహదారి. రెండు వైపులా మూసేసిన గిడ్డంగులు. మాంత్రికుడు కళ్లు మూసుకుని, ప్రేతాత్మ ఆమెని లోబరచుకునేలా మంత్రం జపించసాగాడు. ఫెళఫెళమని ఉరుము! బండిలో దీపాలన్నీ ఆరిపోయాయి. సంచిలోంచి మంచులాంటి చలి ఆమె ఒంట్లోకి పాకింది. ఆమె తల వెనక్కి వాలింది. ఆమె నోటి నుంచి ఆమెది కాని గొంతు కెవ్వుమంది!

"ఆకలి...! పాపని ఇస్తావా? ఇస్తావా?"

చుట్టం బ్రేకు మీద కాలు వేశాడు. బండి అడ్డంగా తిరిగి ఆగింది.

ప్రేతాత్మ ఆమె లోపలంతా భయం కోసం వెతికింది. భయం దొరికితేనే మనిషి దాని వశమవుతుంది. ఎంత వెతికినా అక్కడ భయం లేదు. ఏమీ లేదు. ఈలోగా ఆమె చేతులు అలవాటు కొద్దీ తమ పని తాము చేసుకుపోతున్నాయి... జిప్పు లాగి, లోపలికి వెళ్లి తడిమాయి. గుండ్రంగా, నున్నగా ఏదో తగిలింది.

చాలా చిన్నది.

ఆ చేతులకి అది తెలిసిన కొలత. రోజూ పాప తల దువ్వే కొలత.

"ఈ సంచి ఎవరిది?" దాన్ని బయటికి తీస్తూ అడిగిందామె. ఈసారి గొంతు ఆమెదే.

"నీదే! నీ చేతులతో తీసుకున్నావు!" అన్నాడు మాంత్రికుడు.

"సర్దింది మీరేనా? ఇందులో ఉన్నది ఎవరు?"

బయటపడ్డ కపాలం ఎదుట మాంత్రికుడి నోట అబద్ధం పలకదు. అతను పళ్లు బిగించాడు, గొంతు పట్టుకున్నాడు... అయినా మాట తన్నుకొచ్చింది.

"నా... నా కూతురు!"

ఆమె కపాలాన్ని ఒళ్లో పెట్టుకుని నిమిరింది.

"నిద్రొస్తోందా అమ్మా? పడుకో."

ఏళ్ల తరబడి ప్రాణాల కోసం రంకెలు వేసిన ఆ ఆత్మ... ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది! కట్టు తెగిన మంత్రం, కట్టినవాడి మీదికే తిరగబడింది. "వద్దూ...!" అని మాంత్రికుడు పెట్టిన గావుకేక ఉరుములో కలిసిపోయింది. మెరుపు వెలుగు ఆరేసరికి సీటు మీద గుప్పెడు బూడిద! ఆమె ఒళ్లో తెల్లని పొడి.

ఆమెకి ఏ మంత్రమూ రాదే, మరి ఏ శక్తి గెలిచింది? ఆ జగన్మాతే వచ్చి ఆ చేతుల్లో కూర్చుందా? లేక, కన్నతల్లి చెయ్యి పిల్ల తల తగిలితే నిమరకుండా ఉండలేదా? రెండూ ఒకటేనని నా నమ్మకం. కాదంటే వాదించేంత చదువు నాకు లేదు.

దీపాలు వెలిగాయి. చుట్టం మెల్లగా వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్... ఆ చుట్టం ఏడీ?"

"దిగిపోయాడు బాబాయ్. పోనియ్యి."

ఇంటి దగ్గర అత్తగారు తలుపు తీసి, "అన్నం పెట్టనా?" అంది. ఆమె నేరుగా లోపలికెళ్లి, నిద్రపోతున్న కూతురి తల మీద చెయ్యి వేసింది. అదే కొలత. కానీ ఇది వెచ్చగా ఉంది.

"చెయ్యి చల్లగా ఉందమ్మా" అని పాప నిద్రలోనే గొణిగింది.

ఆమె చెయ్యి తియ్యలేదు. అలాగే కూర్చుని, భర్త పోయాక మొదటిసారి, గట్టిగా ఏడ్చింది.