మూత లోపల ఇంకో చెయ్యి

గా గురువారం బాలస్వామి అండాలు తెచ్చిన వాక్‌మన్ మూత ఇప్పిండో లేదో, మొగం మాడిపోయింది. లోపల ఇంకొకని చెయ్యి కనపడ్డది.

ఎనిమిది నెలల సంది ఆ డబ్బను ఆయన తప్ప ఇంకెవ్వరు ఇప్పలే. ఏ స్క్రూ ఎంత బిగువుండాల్నో, ఏ వైరు ఏ మూలకు వంగి ఉంటదో కండ్లు మూసుకొని చెప్తడు. అసొంటిది, ఇయ్యాల సెల్లుల స్ప్రింగు కింద ఎవడో గుండ్రటి ఇత్తడి బిళ్ల పెట్టిండు. ఊగులాడే వైరును సన్న దారంతోని వరుస తప్పకుంట చుట్టి కట్టిండు. తిరిగే చక్రం కాడ ఒక్కటంటే ఒక్క నూనె చుక్క ఏసిండు, చీమ తలకాయంత. పని చూస్తే కండ్లకద్దుకోవాలె. గదే బాలస్వామికి మంట.

చిట్యాల బస్టాండు ఎదురుంగ ఆయన రిపేరు దుకాణం. రేడియోలు, టేపులు, ఫ్యాన్లు. తొంభై నాలుగుల కరెంటు సంగతి చెప్పనే వద్దు, ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో దానికే తెల్వది. కరెంటు లేనప్పుడు సోల్డరింగు కడ్డీ సల్లవడి, బాలస్వామి ఈగలు తోలుకుంట కూసునేటోడు. అసొంటప్పుడే అండాలు వచ్చేది.

అండాలు వెనుక బజార్ల తల్లి అమృతమ్మతోని ఉంటది. కాలు మిషను మీద జాకెట్లు కుడ్తది. కరెంటున్నా లేకున్నా ఆమె పని ఆగది, పని చేసుకుంట వినేతందుకు బొంబాయి పోయిన మేనమామ ఆ వాక్‌మన్ తెచ్చిచ్చిండు. మొదటిసారి దుకాణం మెట్లెక్కిన్నాడే కొట్లాట.

"పాట బర్రె అరిసినట్టు వస్తాంది. ఏందిది?"

"సెల్లులు ఏసి ఎన్ని దినాలైంది?"

"ఒకటి కొత్తది, ఒకటి పాతది."

"గట్లేస్తే కొత్తది గూడ పాతదాని తొవ్వనే పడ్తది. మారిస్తే రెండూ మార్చాలె. పాటను ముందుకు ఉరికిచ్చేతందుకు సెల్లులు కర్సు చేస్కోకు, క్యాసెట్టుల పెన్సిలు పెట్టి తిప్పు. విననప్పుడు సెల్లులు తీసి పక్కకు పెట్టు."

"నేను సదువు చెప్పమన్ననా, బాగు చెయ్యమన్ననా?"

"రెండు చేస్త."

మూతి తిప్పుకున్నది గని, పై గురువారం మళ్ల వచ్చింది. ఆ పై గురువారం గూడ. ఒకసారి టేపు మింగింది, ఒకసారి ఒక్క చెవుల్నే పాట వచ్చింది, ఒకసారి అసలు మూగదైంది. బాలస్వామి దూదిని స్పిరిట్ల ముంచి టేపు ఆనే హెడ్డు తుడిసేటోడు, తెగిన టేపును ఏటవాలుగ కోసి అతికిచ్చేటోడు, చెవులకు పెట్టుకునే వైరు జాక్ కాడ తెగితే అతుకేసేటోడు. ఆమె మోచెయ్యి బల్ల మీద ఆనిచ్చి ఆయన చేతుల దిక్కే చూసేది. ఆయన ఆమెను చూడనట్టే చూసేటోడు. గట్ల ఎనిమిది నెలలు ఎల్లిపోయినయి. మనసుల మాట నోట్లెనే ఉన్నది.

ఇగ గా గురువారం చెప్పుడే అని ఇస్త్రీ అంగి ఏసుకొని కూసున్నడు. అండాలు వచ్చింది, పెదవులు బిగవట్టుకున్నా నవ్వు ఆగుతలేదు.

"ఏం పాడైంది?"

"ఏం కాలే. ఊకె, ఒక్కసారి మూత తీసి లోపల చూడు."

చూసిండు. మూత తీయంగనే కుట్టు మిషను నూనె వాసన గుప్పుమన్నది. చిట్యాలల ఆ వాసనొచ్చే చేతులు ఒక్క లతీఫ్‌వే. ఇల్లిల్లు తిరిగి మిషన్లు బాగు చేస్తడు. ఎర్రగ, పొడుగ్గ, అత్తరు పూసుకొని ఉంటడు. నెలకు రెండుసార్లు అండాలు ఇంటి అరుగు మీద మిషను బోర్లించి పెట్టుకొని ముచ్చట్లు చెప్తడు. బాలస్వామి కండ్లల్ల నిప్పులు పోసుకున్నట్టయింది. అయితే గా నవ్వు లతీఫ్ కోసమన్నమాట.

"ఎట్లున్నది?" అన్నది అండాలు.

"ఎట్లుంటది? ఎవడో గడ్డి కోసేటోడు చెయ్యి పెట్టిండు."

ఆమె నవ్వు సగంల ఆగింది. "బాగలేదా?"

"దారం కడ్తరా ఎవరన్న? గిదేమన్న బొంతనా? స్ప్రింగు కింద బిళ్ల ఒకటి. తెలివున్నోడు చేసే పనేనా?"

"ఆరు దినాల సంది ఒక్కసారి గూడ ఆగలే. మిషను అదిరినా ఆగలే."

"రేపు ఆగుతది."

అనుకుంటనే దారం తెంపిండు, బిళ్ల పీకి రేకు డబ్బల పడేసిండు, నూనె తుడిసిండు. బిళ్ల బదులు స్ప్రింగునే సాగగుంజి పెట్టిండు.

"ఎవరు చేసిన్రో గూడ అడగవా?" అన్నది అండాలు మెల్లగ.

"ఎవడు చేస్తే నాకేంది?"

ఆమె వాక్‌మన్ గుంజుకొని పోయింది. పోయేటప్పుడు మెట్టు మీద ఒక్క నిమిషం నిలవడ్డది. బాలస్వామి తల ఎత్తలే.

పై గురువారం రాలే. ఆ పైది గూడ ఉత్తదే పోయింది. బాలస్వామికి తిండి సయిస్తలేదు. ఎవలో ఇచ్చిన రేడియోకు స్పీకరు వైర్లు ఉల్టా పెట్టిండు, ఇంకొకని ఫ్యాను ఎనుకకు తిరిగేటట్టు బిగించిండు. ఎదురుంగ చాయ్ అమ్మే మైసయ్య చూసి, "ఏందిరా, పానం బాగలేదా? దవాఖానకు పో" అన్నడు. ఏ దవాఖానల ఇస్తరు దీనికి మందు? అత్తరు వాసనొస్తే చాలు, దుకాణం తలుపు దగ్గరికేస్తాండు. ఆమె వాక్‌మన్ ఇప్పుడు లతీఫ్ ముంగట ఉన్నట్టు, ఆమె మోచెయ్యి ఆనిచ్చి వాని చేతులు చూస్తున్నట్టు, కండ్లు మూస్తే గదే, తెరిస్తే గదే.

మూడో గురువారం ఓర్వలేక లతీఫ్ ఇంటికే పోయిండు. లతీఫ్ రేకుల కింద కూసోని మిషను ముండెం తుడుస్తాండు.

"అండాలు వాక్‌మన్ నువ్వు ఇప్పినవా?"

"నేనా? నాకు గా డబ్బల సంగతేం తెల్సు భాయ్. జర నూనె అడిగింది, చిన్న స్క్రూడ్రైవరు అడిగింది. ఇచ్చిన."

"మరి బిళ్ల పెట్టి, దారం కట్టిందెవడు?"

లతీఫ్ గుడ్డ పక్కకు పెట్టి బాలస్వామిని కింది నుంచి మీది దాంక చూసిండు. "ఎట్లాంటి బిళ్ల?"

"చిన్నది. ఇత్తడిది."

"అరె, జాకెట్ల టిచ్ బటన్లు ఎవరి దగ్గరుంటయి? వైరుకు వరుసగ దారం చుట్టుడు ఎవరికొస్తది? సూది మొనతోని నూనె చుక్క ఏసేంత నిమ్మళం ఎవరి చేతికున్నది? నీకు కండ్లున్నయా, సెల్లులు అయిపోయినయా?"

బాలస్వామి తేలు కుట్టిన దొంగ లెక్క నిలవడ్డడు.

"నా మీద అనుమానమా?" లతీఫ్ నవ్విండు. "నాకు ఇద్దరు పిల్లలు. అండాలు నన్ను లతీఫ్ భాయ్ అంటది. మైసయ్యను అన్న అంటది. బస్సు కండక్టరును గూడ అన్న అంటది. నిన్నేమంటది?"

బాలస్వామి నెత్తి గోక్కున్నడు. ఎనిమిది నెలలల్ల "ఇగో" అన్నది, "వింటున్నవా" అన్నది, "ఏందిది" అన్నది. అన్నా అని ఒక్కనాడు అనలే.

"సోంచాయించుకో జర," అని లతీఫ్ మళ్ల గుడ్డ అందుకున్నడు.

దుకాణంకు ఉరికి, రేకు డబ్బ నేల మీద బోర్లిచ్చి, స్క్రూల నడుమ టిచ్ బటను ఏరుకున్నడు. వెనుక బజార్లకు పోయేసరికి అండాలు అరుగు మీద మిషను తొక్కుతాంది. పక్కన వాక్‌మన్ మూగగ పడి ఉన్నది. తల ఎత్తకుంటనే అడిగింది.

"ఏం కావాలె?"

"అది... పని చేస్తాందా?"

"నువ్వు బాగు చేసినంక నాలుగు పాటలకు మూడుసార్లు ఆగుతాంది."

బాలస్వామి బటను తీసి మిషను బల్ల మీద పెట్టిండు. "గిది నీ పనేనట."

"ఎవరు చెప్పిన్రు?"

"లతీఫ్."

మిషను ఆగింది. "అయితే లతీఫ్ భాయ్‌ని అడిగేతందుకు పోయినవు. నన్ను అడిగేతందుకు నీకు నోరు రాలే."

"నాకు కుళ్లు పుట్టింది అండాలు. పని మంచిగున్నదని మూత ఇప్పంగనే ఎరుకైంది. నాకు గూడ అంత నిమ్మళంగ చేసుడు రాదు. గంత మంచి చెయ్యి వేరేవానిదనుకున్న. వాన్ని తల్చుకొనే నువ్వు నవ్వుతున్నవనుకున్న. ఇగ నాకేం కనపడలే."

"నీ చేతులు చూసే నేర్చుకున్న," అన్నది అండాలు. "నువ్వు శాబాష్ అంటవనుకున్న. ఎవరు చేసిన్రు అంటే నేనే అని చెప్దామని తొవ్వ పొడుగూత నవ్వుకుంట వచ్చిన. నువ్వేమో గడ్డి కోసేటోడంటివి. మెట్టు మీద గూడ నిలవడ్డ, ఇప్పుడన్న అడుగుతవేమో అని."

"తప్పయింది."

"మూడు నెలల సంది నాకు అన్నీ వస్తయి. హెడ్డు తుడుసుడు, టేపు అతికిచ్చుడు, అన్నీ. మరి వారం వారం ఎందుకొచ్చినంటవు? పాడు గాకున్నా వైరు నేనే గుంజి తెచ్చిన దినాలు గూడ ఉన్నయి."

బాలస్వామి పక్కనున్న డబ్బను చేతిలకు తీసుకున్నడు. అంత బాగున్నదాన్ని ఆమె చేజేతుల పాడు చేసుకొని తెచ్చిందంటే, తను గుడ్డోడే కాదు, ఎనిమిది నెలల గుడ్డోడు.

"మళ్ల కుళ్లు పుడితే?" అన్నది అండాలు.

"పుడ్తది. అబద్ధం చెప్ప. పుడితే ముందుగాల నిన్నే అడుగుత."

"ఇప్పుడేం అడిగేది లేదా?"

ఉన్నది. ఎనిమిది నెలల సంది ఉన్నది. చెమట తుడుసుకున్నడు. "మా అమ్మను మీ ఇంటికి పంపుదామనుకుంటున్న. నువ్వేమంటవు?"

అండాలు మిషను చక్రం మీద చెయ్యేసి, కుట్టు దిక్కే చూసుకున్నది. చెవుల దాంక ఎర్రగైంది.

"ఆదివారం పంపు."

లోపల పరద వెనుక నుంచి అమృతమ్మ గొంతు వచ్చింది. "ఆదివారం నేను సంతకు పోత. సోమవారం పొద్దుగాల రమ్మను."

ఇద్దరు కొయ్యబారిన్రు. ముసలామె ఎప్పటి సంది వింటాందో ఏమో. అండాలు నాలిక కరుసుకున్నది. బాలస్వామి చెప్పుల కోసం కాళ్లతోని తడుముకుంటుంటే, లోపల్నుంచి ఇంకో మాట వచ్చింది.

"నిలవెట్టే పంపుతవా బిడ్డా? అల్లునికి గింత చాయ్ పొయ్యి."

బాలస్వామికి అల్లుడన్న ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది గని, అడగబుద్ధి కాక అరుగు మీద కూసున్నడు.