సర్వర్‌లో పెరిగిన పాప

"సొంత ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్లు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిచ్చుక బల్లమీద ఒక పాత ఫోన్ పెట్టింది. సొంతది జేబులోనే ఉంది.

బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగిసింది. గర్భిణులకు ఉచితంగా యాప్ ఇచ్చే కంపెనీ ఒకటి, వాళ్లు నమ్మి చెప్పుకున్న ఆరోగ్య సంగతులన్నీ విదేశీ ప్రకటనల ముఠాకు అమ్మేస్తోంది. ఎవరికి బీపీ, ఎవరికి దిగులు, అంతా. మధ్యాహ్నానికి సర్వర్ మొత్తం సరిహద్దు దాటుతుంది. ఆలోపు చెరిపేయాలి.

"లోపల మన మనిషి ఉంది. నెమలి. ఎంతవరకు మనదో మాత్రం అడక్కు."

విగ్గు, కళ్లజోడు, ఏసీ టెక్నీషియన్ యూనిఫాం. స్క్రూడ్రైవర్ పిడిలో పెన్‌డ్రైవ్. పిచ్చుక లిఫ్ట్ ఎక్కింది. లోపల ఖరీదైన సెంటు వాసన, ఎర్రటి లిప్‌స్టిక్‌తో నెమలి. తలుపు మూసుకోగానే గోడమీద ప్రకటనల తెర వెలిగింది.

'మీ పాపకు ఎనిమిదో నెల. పాకుతోందా? మెత్తటి మోకాలి తొడుగులు కొనండి.'

జేబులోని ఫోన్‌ను పసిగట్టి తెర మనిషిని పోల్చేసింది.

"గేట్‌పాస్‌లో పెళ్లి కాలేదని ఉందే," అంది నెమలి. "పాప ఎవరిదండీ?"

"నాదే."

"ఎక్కడుంది?"

"మీ సర్వర్‌లో."

పాప పుట్టనే లేదు. ఐదో నెలలోనే పోయింది. ఆ మాట యాప్‌కు చెప్పడానికి పిచ్చుకకు మనసొప్పలేదు. 'కాన్పు అయిందా?' అని అది అడిగిన రోజు అవునని నొక్కింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే పాప కబుర్లు. బోర్లాపడిందట. పన్ను వస్తోందట.

సర్వర్ గది మంచుగడ్డలా ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చేసరికి నెమలి చేతిలో పిస్టల్ ఉంది. ఆమె ఎవరి మనిషో తేలిపోయింది.

"వదిలేసి పో. నీ పాప ఉంటుంది. మూడేళ్లు రాగానే బడికి కూడా పంపిస్తాం. చెరిపావంటే మాత్రం, ఈసారి నీ చేత్తోనే..."

జేబులో ఫోన్ వణికింది. పిచ్చుక తీసి చూసింది.

'మీ పాప ఈ వారం అమ్మా అనవచ్చు.'

సరిహద్దు దాటే ట్రాన్స్‌ఫర్ తొంభై తొమ్మిది శాతం దగ్గర ఉంది; నూరు నిండకపోతే అవతల ఏదీ తెరుచుకోదు. పిచ్చుక కళ్లు మూసుకుని చెరిపే బటన్ నొక్కింది.

తెరలన్నీ నల్లబడ్డాయి. సరుకు పోయాక తూటా దండగ అనుకుందేమో, నెమలి పిస్టల్ దించి కారిడార్‌లోకి జారుకుంది.

సాయంత్రం చీఫ్ పెన్ను తీశాడు. "మనవాళ్లెవరైనా పోయారా?"

"ఒకరు."

"పేరు?"

"ఇంకా పెట్టలేదు సార్."

చీఫ్ పెన్నుకు మూత పెట్టేశాడు.