బట్లహళ్ళి దారిలో కడుపు దెయ్యం

నా దగ్గర ఉన్నది అర గ్రాము ఉప్పు. సరిగ్గా 0.5000. మళ్ళీ గీకుదామంటే మిగిలినదంతా వానకు కొట్టుకుపోయింది.

అది బట్లహళ్ళి దారిలో మునియప్ప మామ బావి రాళ్ళ మీద నీళ్ళు ఆరి తెల్లగా పేరుకున్న ఉప్పు. చీకటి పడితే ఆ బావి దగ్గర ఎవరూ నిలబడరు. అక్కడ దెయ్యం ఉందట... అది గొంతు పట్టదు. కడుపు పడుతుంది.

మా ఊరి తిమ్మరాయప్ప చెప్పాడు. చింతామణి నుంచి ఆఖరు బస్సు దిగి నడిచొస్తూ, దాహమై ఒక చెంబుడు తాగాడట. ఇల్లు ఇంకా కనబడలేదు — లోపల ఏదో గుడగుడ... ఎవరో లాగినట్టు... అంతే, రాగి చేలోకి పరుగు.

ఊళ్ళో దెయ్యాలు దించే అక్కయమ్మవ్వ వచ్చి దిగదుడిచింది. "యాడ పట్టిందో ఆ నీళ్ళతోనే పోవాల" అని అదే బావి నీళ్ళు మూడు చెంబులు తాగించింది. తెల్లారేసరికి మనిషి సగమయ్యాడు.

ఇట్లా నెలలో ముగ్గురు. రేపు పొద్దున జేసీబీ తెచ్చి బావి పూడ్చాలని ఊరు తీర్మానించింది. పూడిస్తే మామ మల్బరీ తోట వారం బతకదు.

అందుకే పొద్దుట్నుంచీ కాలేజీ ల్యాబ్‌లో ఒక్కణ్నే. ఉప్పు కరిగించి, కాస్త యాసిడ్ వేసి కాచాను. ఖాళీ గదిలో బీకరు టక్... టక్... మని కొట్టుకుంది. సల్ఫేట్ ఉంటే పట్టిచ్చే బేరియం క్లోరైడ్ చుక్క వదిలానో లేదో — తెల్లగా ఒకటి లేచింది... మెల్లగా అడుక్కి దిగింది.

ఆ తెల్లదాన్ని వడగట్టి, కడిగి, పింగాణీ మూసలో ఎర్రగా కాల్చి తూచాను. 0.4736. మళ్ళీ కాల్చాను. 0.4735. లెక్క కట్టేసరికి ఎగిరి గంతేశాను. ఉప్పులో సల్ఫేట్ నూటికి ముప్పై తొమ్మిది. మందుల అంగట్లో అమ్మే విరేచనాల ఉప్పులోనూ అంతే.

రాత్రి అక్కయమ్మవ్వ అరుగు ముందర ఊరంతా ఉంది.

"అవ్వా, దెయ్యం కాదు, ఉప్పు. చెంబుడుకు పట్టినదాన్ని నువ్వు మూడు చెంబులు పోసి మేపుతాండావు. నూటికి ముప్పై తొమ్మిది పాళ్ళు సల్ఫేట్ ఉండాది."

"మిగతా అరవై ఒకటి?" అంది అవ్వ. "అదే దెయ్యమేమో."

జనం నవ్వారు. మామ తల దించుకున్నాడు.

జేబులోంచి పొట్లం తీశాను. "ఈ ఉప్పు చింతామణి మందుల అంగడిది. నీళ్ళు నీ ఇంటివి. బావి ఊసే లేదు. తాగి ఈడే కూర్చుంటా. తెల్లారేలోగా నాకూ కడుపు పడితే?"

అవ్వ పొట్లం తీసుకుని వాసన చూసి తిరిగిచ్చింది.

"పడితే జేసీబీని నేనే తిప్పి పంపిస్తా. పట్టకపోతే?"

"పూడ్చేయండి."

చెంబు అందిస్తూ చెవిలో గుసగుసగా అడిగింది — "పెరటి తలుపు తీసి పెట్టాల్నా అప్పా?"

పదిహేను గ్రాములు. అందులో సల్ఫేట్ 5.85. కలిపాను... చెంబు ఎత్తాను...